ఒపెరా వీడియోలు: పేరు చూసి కాదు, ప్రదర్శన చూసి ఎంచుకోండి

ఎంవీపీ కాలనీ నుంచి ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇదీ. భార్యాభర్తలిద్దరూ కర్ణాటక సంగీతం బాగా వింటారు, కళాభారతిలో మంచి కచేరీ ఉందంటే వదలరు. ఉద్యోగ విరమణ అయ్యాక పాటలతో నడిచే పాశ్చాత్య సంగీతనాటకం, అదే ఒపెరా, సంగతేమిటో చూద్దామనిపించింది. యూట్యూబ్‌లో 'కార్మెన్' అని కొడితే లెక్కలేనన్ని వచ్చాయి. ఒకటి నాలుగు నిమిషాల ముక్క, ఒకదానికి సబ్‌టైటిల్స్ లేవు, ఇంకోటి బొమ్మంతా మసక. ఎలాగో ఒకటి పెడితే ఆవిడగారు "ఏమిటండీ ఈ కేకలు" అని లేచిపోయారు. పూర్తి ఒపెరాలు ఎక్కడ దొరుకుతాయి, ముందు ఏది చూడాలి, డబ్బు పెట్టడం అవసరమా, విశాఖలో పెద్ద తెర మీద చూసే వీలుందా అన్నవి వారి సందేహాలు.

చాలా ఏళ్ళుగా వీటిని వెతుక్కుని చూస్తున్నవాణ్ణి, కాస్త పొడుగ్గానే చెబుతాను.

'కార్మెన్ ఎక్కడ దొరుకుతుంది' అని వెతికినంతకాలం మీకు ఇలాగే జరుగుతుంది. మన వైపు ఎవరైనా 'రాత్రి ఉద్యోగ విజయాలు చూశాం' అంటే వెంటనే అడిగే ప్రశ్న 'కృష్ణుడెవరు?' అని కదా. పీసపాటి వారి కృష్ణుడు వేరు, షణ్ముఖి వారి కృష్ణుడు వేరు. పద్యం తిరుపతి వేంకట కవులదే అయినా జనం బళ్ళు కట్టుకుని వెళ్ళింది రాగం తీసేవాడి కోసం. ఒపెరా కూడా అచ్చంగా అంతే. ఫ్రెంచి స్వరకర్త బిజే రాసిన కార్మెన్ 1875లో పారిస్‌లో మొదటిసారి ఆడింది. అప్పటినుంచి ఎన్ని నాటకశాలలు ఎన్ని రకాలుగా ఆడాయో. వాటిలో చిత్రీకరించినవే బోలెడు. కాబట్టి వెతికేటప్పుడు ఒపెరా పేరుతోపాటు ఇంకో మూడు సంగతులు ఉండాలి: ఏ నాటకశాల లేదా ఏ దర్శకుడు, ఏ సంవత్సరం, ప్రధాన పాత్రలు ఎవరు పాడారు. ఇవి రాయని వీడియో ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టేయండి. ఎవరు పాడారో చెప్పనివాడు సబ్‌టైటిల్స్ సరిగ్గా పెడతాడని నాకు నమ్మకం లేదు.

ఇంకొక తేడా ఉంది, అది మన తెలుగువాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. చిత్రీకరించిన ఒపెరాల్లో కొన్ని సినిమాలు. అంటే గాయకులు ముందు స్టూడియోలో పాడేస్తారు, తర్వాత లొకేషన్‌కి వెళ్ళి ఆ పాటకు పెదవులు కదుపుతారు. ప్లేబ్యాక్ అన్నమాట. కాకపోతే చాలావరకు పాడినవాళ్ళే నటిస్తారు. మిగతావి నాటకశాలలో ప్రేక్షకుల ముందు ఆడుతుండగా అయిదారు కెమెరాలు పెట్టి తీసినవి. గొంతు అక్కడికక్కడ పలుకుతుంది, చెమట కనబడుతుంది, పాట అవగానే చప్పట్లు పడతాయి. టీవీ స్టూడియోలో సెట్లు వేసి తీసిన మూడో రకం కూడా ఉంది కానీ దాని జోలికి ఇప్పుడే వెళ్ళక్కర్లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: మొదటి ఒకటి రెండూ సినిమాగా తీసినవి చూడండి, కథకు అలవాటు పడటానికి. ఆ తర్వాత రంగస్థలం రికార్డింగులకే వచ్చేయండి. పద్యనాటకం చూసి పెరిగినవాళ్ళకు ఒపెరా రుచి తెలిసేది అక్కడే. పెదవుల కదలిక ఎంత బాగా కుదిరినా, ఊపిరి తీసుకోని గొంతును చూస్తుంటే కాసేపటికి మనసు పక్కకు పోతుంది.

సినిమాల్లో ముందు వరసలో పెట్టదగినది ఫ్రాంచెస్కో రోసీ తీసిన 1984 నాటి 'కార్మెన్'. జూలియా మిగెనెస్ కార్మెన్, ప్లాసిడో డొమింగో డాన్ హోసే, రుజ్జేరో రైమొండి ఎస్కమీయో. స్పెయిన్‌లో అండలూసియా ఎండలో, నిజమైన వీధుల్లో తీశారు. దుమ్ము, ఎద్దుల పోటీ, సిగరెట్ ఫ్యాక్టరీ బయట ఆడవాళ్ళ గొడవ అన్నీ మన కళ్ళకు కొత్త కాదు. రెండున్నర గంటలు. కథ తెలియనివాళ్ళు కూడా చివరిదాకా కూర్చుంటారు. డొమింగో, రైమొండి ఇద్దరూ ఇలాంటి సినిమాల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు, ఆ పేర్లు గుర్తుపెట్టుకుంటే వెతకడం సులువు.

ఇంట్లో మనవలు ఉంటే ఇంగ్‌మార్ బెర్గ్‌మన్ 1975లో స్వీడిష్ టెలివిజన్ కోసం తీసిన మొజార్ట్ 'మ్యాజిక్ ఫ్లూట్' వెతకండి. జర్మన్‌లో కాక స్వీడిష్‌లో పాడతారు, దానికి కంగారు పడవద్దు, ఎలాగూ మనం చదివేది సబ్‌టైటిల్సే. 18వ శతాబ్దపు డ్రాట్నింగ్‌హోమ్ నాటకశాల రంగస్థలాన్ని స్టూడియోలో మళ్ళీ కట్టించి, తాళ్ళతో కదిలే తెరలు, కొయ్య యంత్రాలు అన్నీ కెమెరాకు కనిపించేలా తీశాడు. సురభి నాటకంలో మాయాబజార్ చూసి నోరు తెరిచినవాళ్ళకు ఇది ఎంత నచ్చుతుందో నేను చెప్పక్కర్లేదు. విరామంలో తెర వెనక రాత్రిరాణి పాత్రధారి 'పొగ తాగరాదు' బోర్డు కింద కూర్చుని సిగరెట్ కాలుస్తుంటుంది, అది మాత్రం చూడకుండా వదలొద్దు.

ఫ్రాంకో జెఫిరెల్లీ 'లా ట్రావియాటా' (1982), 'ఒథెల్లో' (1986) గురించి చాలామంది చెబుతారు. కంటికి పండగే, షాండిలియర్లు, పట్టుబట్టలు, దర్బారు భవనాలు. కానీ ఆయన కత్తెరకు మొహమాటం లేదు. 'ఒథెల్లో'లో డెస్డిమోనా చావుకు ముందు పాడే విల్లో పాటనే తీసేశాడు. భామాకలాపంలో జడ ఘట్టం తీసేసి కూచిపూడి చూపించినట్టు. మొదటిసారి చూడటానికి ఇవి వద్దనే నా సలహా.

జాన్ పియెర్ పొనెల్ పేరు మాత్రం రాసిపెట్టుకోండి. 1970, 80లలో యూనిటెల్ సంస్థకు ఆయన తీసినవి ఇప్పటికీ పాతబడలేదు. హెర్మన్ ప్రై, తెరెసా బెర్గాంజాలతో 1972 నాటి 'బార్బర్ ఆఫ్ సెవిల్', కార్ల్ బోమ్ సంగీత నిర్వహణలో 1976 నాటి 'మ్యారేజ్ ఆఫ్ ఫిగరో', పావరోట్టి డ్యూక్‌గా 1982 నాటి 'రిగొలెట్టో', మిరెల్లా ఫ్రెనీ, డొమింగోలతో 1974 నాటి 'మేడమ్ బటర్‌ఫ్లై'. ఈ చివరిది మొదలవడమే నాయకుడు పింకర్టన్ కాగితపు గోడ చించుకుని బయటకు దూకడంతో మొదలవుతుంది, అంటే ముగింపుతో. గట్టి గుండె ఉంటేనే చూడండి.

'టోస్కా' కథ వేరు. 1992 జులైలో జుసెప్పే పాత్రోనీ గ్రిఫ్ఫీ దర్శకత్వంలో ఒక సాహసం చేశారు. పుచ్చీని కథలో ఏ అంకం రోమ్‌లో ఏ చోట, ఏ వేళకు జరుగుతుందో సరిగ్గా అక్కడే, ఆ వేళకే పాడించి ప్రత్యక్ష ప్రసారం చేశారు. మధ్యాహ్నం చర్చిలో మొదటి అంకం, రాత్రి ఫార్నేసే భవనంలో రెండోది, తెల్లవారుజామున కోట మీద మూడోది. వాద్యబృందం వేరే చోట ఉంది, గాయకులు మానిటర్ చూసుకుంటూ పాడారు. నడిపించింది మన జుబిన్ మెహతా. ప్లేబ్యాక్ లేకుండా లొకేషన్‌లో తీసిన అరుదైన సినిమా ఇది. దీన్ని చూశాక బెన్వా జాకో తీసిన 2001 'టోస్కా' చూస్తే ఇంకా సరదా, అందులో దర్శకుడు స్టూడియోలో మామూలు బట్టల్లో పాడుతున్న గాయకులను నలుపు తెలుపులో మధ్యమధ్య చూపించి, 'ఇది ప్లేబ్యాకే బాబూ' అని తానే ఒప్పేసుకుంటాడు.

ఇక ఎక్కడ దొరుకుతాయి.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే ఒపెరావిజన్. యూరప్‌లోని పలు నాటకశాలలు కలిసి, యూరోపియన్ యూనియన్ సాయంతో 2017 నుంచి నడుపుతున్న సైటు, వాళ్ళకు యూట్యూబ్ చానల్ కూడా ఉంది. నిడివి పూర్తిగా, చక్కటి హెచ్‌డీ బొమ్మతో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో, న్యాయంగా పెట్టినవి. ఒక్కో ప్రదర్శన కొన్ని నెలలే ఉంచి తీసేస్తారు, కాబట్టి 'తర్వాత చూద్దాం' అని దాచుకుంటే పోతుంది. పెద్ద తారలు తక్కువ. పోలండ్, ఫిన్లాండ్, ఐర్లండ్ లాంటి చోట్ల నుంచి వచ్చే ప్రదర్శనల్లో దర్శకుల ప్రయోగాలు ఎక్కువ. రాజు సూటు వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చోవచ్చు. అది చూసి 'ఇదేం ఒపెరా' అనుకోకండి, ఇప్పుడు అక్కడ అదే మామూలు. ఫ్రెంచి, జర్మన్ ప్రభుత్వ చానల్ ఆర్టే కూడా తన కాన్సర్ట్ విభాగంలో ఉచితంగా పెడుతుంది. కొన్ని మన దేశంలో తెరుచుకోవు, తెరుచుకున్నవి మాత్రం బొమ్మ, శబ్దం రెండూ నాణ్యమైనవి.

డబ్బు పెట్టదలిస్తే నేను ఒక్కటే చెబుతాను: మెట్ ఒపెరా ఆన్ డిమాండ్. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా వాళ్ళది. ఆడియో రికార్డింగులు కూడా కలుపుకుంటే 800 పైచిలుకు ప్రదర్శనలు ఉన్నాయి. 2006 డిసెంబర్ నుంచి వాళ్ళు సినిమా హాళ్ళకు ప్రత్యక్షంగా పంపుతున్న హెచ్‌డీ ప్రసారాలు ఒకవైపు, 1977 మార్చిలో పావరోట్టి, రెనాటా స్కాట్టో పాడిన 'లా బొహేమ్' నుంచి మొదలయ్యే పాత టెలివిజన్ ప్రసారాలు మరోవైపు. పాతవాటిలో బొమ్మ కాస్త మెత్తగా ఉంటుంది, సెట్లు, దుస్తులు మాత్రం కథాకాలానికి తగ్గట్టు ఉంటాయి. ఆవిడగారికి అవే నచ్చుతాయని నా అంచనా. మీ దంపతులకు ముందు ఒక నెల చాలు. నెలలో వారానికి రెండు చూస్తే ఇది మీ ఒంటికి పడుతుందో లేదో తేలిపోతుంది.

చెల్లింపు దగ్గర మనవాళ్ళు చాలామంది ఆగిపోతారు. కార్డు మీద అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు మొదట ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి మనమే ఆన్ చేసుకోవాలి. నెలనెలా దానంతటదే కోసుకునే చెల్లింపులు విదేశీ సైట్లకు మన కార్డుల మీద తరచూ తిరిగి వచ్చేస్తుంటాయి. అది మీ తప్పూ కాదు, వాళ్ళ తప్పూ కాదు. పని అయ్యాక మళ్ళీ ఆఫ్ చేసేయండి.

యూట్యూబ్‌లో ఊరికే వెతకడం మానలేరని నాకు తెలుసు, నేనూ మానలేదు. అందుకని కొన్ని గుర్తులు. ఇంగ్లిష్ పేరుతో కాక మూలభాషలో ఒపెరా పేరు కొట్టండి, నాటకశాలలు పెట్టిన అసలు వీడియోలు అప్పుడే పైకి వస్తాయి. నిడివి చూడండి. 'లా బొహేమ్' రెండు గంటలకు కొంచెం తక్కువ, 'ట్రావియాటా' రెండుంబావు, 'ఫిగరో' మూడు గంటల చుట్టుపక్కల. 'ఫుల్ ఒపెరా' అని రాసి నలభై నిమిషాలు ఉంటే అది ముక్కల కూర్పు. యూట్యూబ్ తనంతట తాను తయారుచేసే క్యాప్షన్లు పాటకు పనికిరావు, ఇటాలియన్ రాగాలాపనను అది ఏ భాషగా అర్థం చేసుకుంటుందో ఆ దేవుడికే తెలియాలి. ఇంకో ముఖ్యమైనది: ప్రఖ్యాత గాయని మరియా కాలస్ పూర్తి ఒపెరా వీడియో అని కనిపిస్తే నమ్మకండి. ఆమె పాడిన పూర్తి ఒపెరా ఒక్కటీ చిత్రీకరణలో మిగల్లేదు. 1964లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో టీటో గొబ్బీతో చేసిన 'టోస్కా' రెండో అంకం ఉంది, ఆ ఒక్క అంకం కోసం సాయంత్రం కేటాయించవచ్చు. 1969లో పసోలినీ తీసిన 'మెడియా'లో ఆమె ఉంది కానీ అందులో పాడదు, నటిస్తుంది. పూర్తి ఒపెరా అని పెట్టేవి సాధారణంగా ఫోటోల మీద ఆడియో అతికించినవే.

తెలుగు సబ్‌టైటిల్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. దానికి నేను చేసేది ఇది: ముందురోజు కథ మొత్తం చదివేస్తాను, అంకాలవారీగా. ఒపెరాలో కథ ముందే తెలిసిపోతే పోయేదేమీ లేదు, హరిశ్చంద్రుడు కాటికాపరి అవుతాడని తెలిసే కదా మనం వెళ్ళింది. ఇంగ్లిష్ గబగబా చదవడం ఇబ్బందైతే ముఖ్యమైన పాటల అర్థం ఒక కాగితం మీద తెలుగులో రాసి ఒళ్ళో పెట్టుకోండి. ఒకే మాటను గాయకుడు పదిసార్లు తిప్పి తిప్పి పాడతాడు కాబట్టి చదవడానికి కావలసినంత తీరిక ఉంటుంది.

ఇప్పుడు ఆవిడగారి 'కేకల' సంగతి. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది, కాకపోతే సగం నేరం టీవీది. ఒపెరా గాయకుడికి మైకు ఉండదు. డెబ్బై ఎనభైమంది వాద్యబృందం మీదుగా చివరి బాల్కనీకి మాట వినబడాలి. అందుకు వాళ్ళు గొంతులో 3000 హెర్ట్జ్ దరిదాపుల్లో శక్తిని పోగుచేయడం సాధన చేస్తారు. ఆ ప్రాంతంలో వాద్యబృందం ధ్వని బలహీనం, మన చెవి మాత్రం చురుకు. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ దీన్ని వివరంగా పరిశోధించాడు. నాటకశాలలో, దూరం నుంచి, గోడల ప్రతిధ్వనితో కలిసి వచ్చేసరికి ఆ గొంతు వెన్నలా ఉంటుంది. పలచటి టీవీల స్పీకర్లు మంద్రం వదిలేసి సరిగ్గా ఆ మూడు వేల హెర్ట్జ్‌నే నెత్తిన కొడతాయి. కేకలా వినబడక ఏమవుతుంది? మైకుల్లేని రోజుల్లో పందిరి చివరి వరసకు వినబడేలా పై శ్రుతిలో పద్యం ఎత్తుకున్న మన నటుల రికార్డులు ఇప్పుడు ఫోన్‌లో వింటే అదీ అలాగే గుచ్చుకుంటుంది.

మందు ఏమిటంటే, టీవీ స్పీకర్లు వాడకండి. పాత స్టీరియో ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు అటక మీద ఉంటే దించండి, డాబాగార్డెన్స్ వైపు బాగుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. సౌండ్‌బార్ అయితే 'మూవీ', 'వాయిస్', 'నైట్' అని ఉండే మోడ్‌లన్నీ తీసేసి మామూలు స్టీరియోలో పెట్టండి. నైట్ మోడ్ మెత్తటి చోటును పెంచి, గట్టి చోటును నొక్కేస్తుంది, ఒపెరా ప్రాణం ఆ తేడాలోనే ఉంది. టీవీలో బొమ్మను నున్నగా చేసే 'మోషన్' సెట్టింగు కూడా ఆపండి, లేకపోతే ఫ్రెనీ సీరియల్ నటిలా కనిపిస్తుంది. అన్నిటికంటే మంచిది ఇద్దరికీ చెరో హెడ్‌ఫోన్.

ఇంకో చిట్కా: కింది గొంతులతో మొదలుపెట్టండి. కార్మెన్ పాత్ర మెజో సొప్రానోది, అంటే ఆడగొంతుల్లో మధ్యస్థాయి. ఫిగరో, రిగొలెట్టో బారిటోన్ పాత్రలు, అంటే మగగొంతుల్లో మధ్యస్థాయి. 'మ్యాజిక్ ఫ్లూట్'లో రాత్రిరాణి పాట మొదటిరోజే వినిపించొద్దు, చెవి అలవాటయ్యాక ఆవిడే పెట్టమంటారు. గమకానికి అలవాటుపడ్డ చెవికి ఆ నిరంతరపు వైబ్రాటో, అంటే స్వరాన్ని వణికించడం, మొదట చిరాకే. రెండు మూడు ఒపెరాలయ్యేసరికి అది వినబడటం మానేసి మనిషి వినబడతాడు.

ఆ దశ వచ్చాక రంగస్థలం రికార్డింగుల్లోకి దిగండి. నేనైతే 2005లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఆడిన 'లా ట్రావియాటా' పెడతాను. ఆనా నెత్రెబ్కో, రొలాండో విలాజోన్, దర్శకుడు విల్లీ డెకర్. షాండిలియర్ లేదు, పాన్పు లేదు. ఖాళీ వేదిక, ఒక పెద్ద గడియారం, ఒక సోఫా, ఎర్ర గౌను. మొదటి నిమిషం నుంచీ ఒక ముసలాయన మౌనంగా అంచున నిలబడి చూస్తుంటాడు. జెఫిరెల్లీ బంగళా మొత్తం చేయలేని పని ఆ గడియారం చేస్తుంది. ఆ ఆగస్టు ప్రేక్షకుల హడావిడి కూడా రికార్డింగులో వినబడుతుంది.

చప్పట్ల మాట వచ్చింది కాబట్టి, వన్స్‌మోర్ మన సొత్తు అనుకోకండి. ఇటలీ నాటకశాలల్లో పూర్వం అదే గోల. మిలాన్ లా స్కాలాలో ఆ ఆచారాన్ని నిషేధించి డెబ్బై ఏళ్ళ పైన గడిచాక 2007లో హువాన్ డియేగో ఫ్లోరెస్ దొనిజెట్టి ఒపెరాలో తొమ్మిది తారస్థాయి సి స్వరాలున్న పాటను జనం కోరిక మీద మళ్ళీ పాడి ఆ నియమం బద్దలుకొట్టాడు. మరుసటి ఏడు న్యూయార్క్‌లోనూ అదే జరిగింది.

జర్మన్ స్వరకర్త వాగ్నర్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. 'రింగ్' నాలుగు ఒపెరాలు కలిపి పదిహేను గంటల చుట్టుపక్కల. ఎప్పుడైనా వెళ్తే రెండు దారులు. మెట్‌లో 1989, 90లలో చిత్రీకరించిన ఒట్టో షెంక్ ప్రదర్శన, అడవులు, కొండలు, కవచాలతో కథ చెప్పినట్టు చూపిస్తుంది. 1976లో జర్మనీలోని బైరాయిట్‌లో దర్శకుడు పాత్రిస్ షెరో మొదలుపెట్టి 1979, 80లలో చిత్రీకరించినది రైన్ నది స్థానంలో జలవిద్యుత్ ఆనకట్ట పెట్టింది. మొదటి ఏడు జనం ఈలలు, బూతులతో దులిపేశారు, ఆఖరి ఏడు గంటకు పైగా చప్పట్లు కొట్టారు. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసినవాళ్ళకు ఈ రెండోదే ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం.

మీ ఇద్దరి కర్ణాటక నేపథ్యం చూసి ప్రత్యేకంగా చెప్పదలిచినది అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ 'సత్యాగ్రహ'. 1980లో రాటర్‌డామ్‌లో మొదటిసారి ఆడింది. కథ దక్షిణాఫ్రికాలో గాంధీది, మాటలన్నీ భగవద్గీత సంస్కృత శ్లోకాలు. మొదటి దృశ్యమే కురుక్షేత్రం. మెట్‌లో 2011లో హెచ్‌డీలో ప్రసారమైన రికార్డింగులో గాంధీగా రిచర్డ్ క్రాఫ్ట్ పాడాడు. న్యూయార్క్ ప్రేక్షకుడు అర్థం కోసం ప్రోగ్రాం పుస్తకం వెతుక్కుంటాడు, మీరు మాత్రం 'యదా యదా హి' దగ్గర నిటారుగా కూర్చుంటారు. ఉచ్చారణ మనకు నచ్చకపోవచ్చు, అది పట్టించుకోకండి. ముగింపులో గాంధీ ఒంటరిగా నిలబడి ఎనిమిది స్వరాల ఒకే ఆరోహణను ముప్పై సార్లు పాడతాడు. స్వరస్థానాలు చూస్తే అది మన హనుమతోడి ఆరోహణే, గమకం లేని తోడి. గమకం లేకుండా తోడి ఏమవుతుందో ఆవిడగారితో కలిసి విని, మీ అభిప్రాయం తప్పకుండా రాయండి.

అదే ఊపులో భారతదేశం కథగా ఫ్రెంచివాళ్ళు రాసిన 'లక్మే' (1883) కూడా చూడొచ్చు, బ్రాహ్మణ పూజారి కూతురు, ఇంగ్లిష్ దొర ప్రేమకథ, ఉమ్మెత్త ఆకుతో ముగుస్తుంది. ఆ మల్లెపూల యుగళగీతం విమానాల ప్రకటనలో వినే ఉంటారు. 1976లో సిడ్నీలో జోన్ సదర్‌లాండ్ పాడిన రికార్డింగు ఉంది. గుడి, గాజులు, నామాలు వాళ్ళ ఊహలోవి. నవ్వుకుంటూ చూడండి, పాట వచ్చినప్పుడు మాత్రం నవ్వకండి. అన్నట్టు, టైటన్ గడియారం ప్రకటన సంగీతం ఏ ఒపెరాలోదని అడిగేవాళ్ళు తరచూ తగులుతారు, అది ఒపెరాలోది కాదు, మొజార్ట్ 25వ సింఫనీ.

డిస్కులు కొనాలా అంటే, ఇష్టమైన నాలుగైదు మాత్రం కొనండి. సైట్లలో ఇవాళ ఉన్నది రేపు ఉండదు, హుద్‌హుద్ తర్వాత ఈ ఊళ్ళో నెట్ ఎలా పోయిందో మీకు నేను గుర్తుచేయక్కర్లేదు. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు రీజియన్, మన దేశం డీవీడీలకు రీజియన్ 5, బ్లూరేలకు రీజియన్ సి. ఒపెరా డిస్కులు చాలావరకు అన్ని రీజియన్లకూ పనిచేసేవే, అయినా అట్ట వెనక '0' అనో 'ఆల్' అనో ఉందా చూసుకోండి. అక్కడే సబ్‌టైటిల్స్ భాషల జాబితా ఉంటుంది, ఇంగ్లిష్ లేనిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడుతుంది, అమెరికాలో పిల్లలుంటే వచ్చేటప్పుడు తెమ్మనడమే మేలు. సముద్రానికి దగ్గర ఫ్లాట్లలో ఉప్పుగాలికి ప్లేయర్ లోపలి పిన్నులు తుప్పుపడతాయి, తేమకు డిస్కుల మీద బూజు వస్తుంది. ప్లేయర్‌కు గుడ్డ కప్పి, డిస్కుల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

ప్రత్యక్ష ప్రసారాలు చూడాలనుకుంటే గడియారం గుర్తుంచుకోవాలి. మెట్ శనివారం మధ్యాహ్నం ఒంటిగంట ఆట మనకు చలికాలంలో రాత్రి పదకొండున్నర. యూరప్‌లో సాయంత్రం ఏడింటి ఆటకూ అదే వేళ. నేను ప్రత్యక్షం జోలికి పోను, మర్నాడు ఉదయం కాఫీతో చూస్తాను.

పెద్ద తెర సంగతికి వస్తే, మెట్ హెచ్‌డీ ప్రసారాలను ముంబై నారిమన్ పాయింట్‌లోని కళాకేంద్రం ఎన్‌సీపీఏలో చూపిస్తూ వచ్చారు. విశాఖ హాళ్ళలో ఆ అలవాటు లేదు. ముంబైలో బంధువులుంటే ప్రయాణానికి ముందు ఎన్‌సీపీఏ కార్యక్రమాల పట్టిక ఒకసారి చూసుకోండి. మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ ప్రొజెక్టర్ మీద పెట్టి అందర్నీ పిలుద్దామన్న ఆలోచన వస్తే, సైట్ల చందా, డిస్కు రెండూ ఇంట్లో చూసుకోవడానికే ఇస్తారు, పదిమందిని పోగుచేసి వేయడానికి వేరే అనుమతి కావాలి. ఇద్దరు ముగ్గురు స్నేహితులను ఇంటికి పిలవడానికి అడ్డేమీ లేదు.

మీ టీవీ ఏ మోడలో, పాత ఆంప్లిఫయర్ ఏదైనా ఉందో రాయండి, ఏ తీగ ఎక్కడ పెట్టాలో చెబుతాను.